రాయి రాయికీ బొట్టు

మోకాలికి కట్టుకునే తొడుగొకటి నా కుట్టుమిషను దగ్గరికి రాకపోయి ఉంటే, ఈపాటికి నేను జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ, ఎముకలన్నీ ఎక్కడివక్కడ పెట్టుకుని హాయిగా ఉండేదాన్ని.

తిరుపతిలో మా వీధి చివర సైకిల్ షాపుంది. దాన్ని నడిపేవాడు నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. ఒకరోజు ఆ తొడుగు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. పక్కన కుట్లన్నీ విడిపోయి ఉన్నాయి.

"అక్కా, దీన్ని రొంత గట్టిగా కుట్టియ్యి. ఆదివారం కొండ దిగాల."

మా ఊళ్ళో కొండ అంటే ఒకటే కొండ. నేను కళ్ళజోడు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూశాను.

"మోకాళ్ళ మీద మెట్లెక్కేవాళ్ళను సూసినాను గానీ దిగేవాళ్ళను సూళ్ళేదే నాయనా! ఇదేం మొక్కు?"

అతను పడీ పడీ నవ్వి ఫోన్ తీసి చూపించాడు. మన కొండ కాదట, పాకాల తట్టు ఏదో గుట్టట. ఆ వీడియోలో ఒక మనిషి సైకిల్ మీద బండల మధ్య నుంచి, మేడ మీద నుంచి జారిన బిందెలా ఎగిరెగిరి కిందికి వస్తున్నాడు. ఎగురుతున్నాడే గానీ పడడం లేదు. కింద చేరాక హెల్మెట్ తీసి పళ్ళికిలించాడు. చూస్తే మా సైకిల్ షాపు తమ్ముడే.

నేను ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. ఐదోసారి అడిగితే బాగుండదని అడగలేదు. మా పుట్టిల్లు నగరి. మగ్గాల చప్పుడు మధ్య వీధివీధీ సైకిల్ తొక్కుతూ పెరిగాను నేను. పెద్దమనిషినయ్యాక సైకిల్ దిగమన్నారు, దిగాను. మళ్ళీ ఎక్కమని ఎవరూ అనలేదు, అదేం విచిత్రమో. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి గనక, ఇక ఎవరో అంటారని ఎదురుచూడడం దండగ అనిపించింది. అతని షాపులో అమ్ముడుపోని పాత సైకిలొకటి ఉంటే తీసేసుకున్నాను. మూడు నెలల్లో ఆ గుట్ట మీదే సైకిళ్ళ పందెం ఉందంటే, కొత్తవాళ్ళ వరసలో నా పేరు కూడా రాయించేశాను.

దాని సీటు చూసి మొదటిరోజే గొడవ పెట్టుకున్నాను. అంత కిందికి దించేసి ఉంది.

"దీని మీద కూసునేదెట్ల?"

"కూసునేది కాదక్కా. దిగేటప్పుడు నిలబడే ఉండాల."

"మరి సీటెందుకు?"

అతను బుర్ర గోక్కున్నాడు. "ఉండాది, ఉండనీలే" అన్నాడు. చక్రాల్లో గాలి కూడా కొంత తీసేశాడు. పుట్టి బుద్ధెరిగాక, గాలి నిండుగా కొట్టించుకో అనే మాటే గానీ తగ్గించుకో అనే మాట నేను వినలేదు. రాళ్ళ మీద చక్రం మెత్తగా ఉంటేనే పట్టు దొరుకుతుందట. నేను అన్నిటికీ అడ్డం తిరిగి, అన్నీ ఒప్పుకున్నాను.

ఇక ఒంటికి కట్టుకునేవి. ఛాతీకి, వీపుకు కలిపి వేసుకునే కవచం ఒకటి తెప్పించాడు. దాన్ని తయారుచేసినవాడు ఆడమనిషిని ఎప్పుడూ ఎదురుగా చూసినట్టు లేదు. ముందువైపు తలుపు చెక్కలా బల్లపరుపుగా ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుట్టేదాన్ని, నాకా ఈ కొలతలు? గట్టి పెంకులన్నీ అలాగే ఉంచి, లోపలి గుడ్డ మొత్తం విప్పి, ఒంపుకు తగ్గట్టు డాట్లు వేసి, పక్కన రెండు అంగుళాలు వదిలి మళ్ళీ కుట్టాను. మోచేతి తొడుగులకు లోపల నగరి తువ్వాలు గుడ్డ వేశాను, చెమట పీల్చుకోవడానికి. సైకిల్ షాపు తమ్ముడు చూసి, "అక్కా, నాకూ ఒకటి" అన్నాడు. కొలతలు తీసుకుంటానంటే సిగ్గుపడ్డాడు.

హెల్మెట్ దగ్గర వచ్చింది అసలు తంటా. అది మామూలుది కాదు, గడ్డం దాకా మూసేసేది. కొప్పు ముడేసుకుంటే తలకు దిగదు. జడ వదిలేస్తే వెనక చక్రం దాన్ని ఊరుకోదు. చివరికి రెండు జడలు వేసి, చొక్కాలోకి దోపుకున్నాను. అది తగిలించుకుని హాల్లో అద్దం ముందు నిలబడితే, మా అత్త వంటింట్లోంచి అట్లకాడతో వచ్చి బిత్తరపోయింది.

"ఇదేందే, ఆంజనేయసామి మూతి మాదిరి ముందుకొచ్చిండాది!"

మా అత్తకు అరవై ఆరేళ్ళు. పాకాల మనిషి. ఇంట్లో ఏ వస్తువుకు కాలు తగిలినా వంగి కళ్ళకద్దుకోవాలి. కాగితం, కత్తెర, చేట, టీవీ రిమోటు, ఏదైనా సరే. పద్దెనిమిదేళ్ళ కిందట కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు అదే శిక్షణ. నేల మీద పడ్డ గుడ్డముక్కను తొక్కినా నాకు తెలియకుండానే చెయ్యి కిందికి పోతుంది. కుట్టుపని చేసేదాన్ని కనక రోజుకు వందసార్లు పోతుంది. నడుముకు అంతకంటే వ్యాయామం లేదు.

మా ఆయన రేణిగుంటలో గోదాము పని చేస్తాడు. మాటల పొదుపు మనిషి. నా పందెం కోసం ఆయన చేసిన తయారీ ఒక్కటే, నా పేరున ఉన్న పాలసీ ఇంకా నడుస్తోందో లేదో చూసుకున్నాడు.

అత్త మాత్రం ఊరుకోలేదు. శుక్రవారం సైకిల్‌ను కడిగి, హ్యాండిలుకు నిమ్మకాయలు కట్టి, బొట్లు పెట్టింది. ఎక్కడ పెట్టాలా అని చూస్తే, చక్రం మధ్యలో బ్రేకు డిస్కు తళతళా మెరుస్తూ కనిపించిందట. దాని మీద జిడ్డు వేలు కూడా పెట్టవద్దని తమ్ముడు నాకు ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. అత్త నూనెలో తడిపిన కుంకుమతో రెండువైపులా పెట్టింది. మర్నాడు పొద్దున నేను వీధి మలుపులో బ్రేకు పట్టుకుంటే బ్రేకు నన్ను పట్టించుకోలేదు. నేరుగా టీకొట్టు బల్ల దగ్గరికి పోయి, టీ తాగుతున్న ఇద్దరి మధ్య ఖాళీలో ఆగాను. వాళ్ళు జరిగి చోటిచ్చారు. కొట్టాయన "ఏం ఇమ్మంటావమ్మా?" అని అడిగాడు. పరువు కోసం ఒక టీ తాగాను.

గుట్ట మీద సాధన మూడు నెలలు సాగింది. ఆదివారం ఆదివారం వెళ్ళేవాళ్ళం. సీతాఫలం చెట్లు, ముళ్ళకంపలు, మధ్యలో సన్నటి దారి. మొదట్లో పడ్డాను. తర్వాతా పడ్డాను. అయినా దారిలో అన్నీ ఒక్కొక్కటే లొంగాయి, ఒక్కటి తప్ప. దాన్ని అందరూ బోడిబండ అంటారు. దారికి అడ్డంగా ఏనుగు వీపులా పడుకుని ఉంటుంది. ఒకపక్క కంప, ఒకపక్క గొయ్యి. దాని మీదికి ఎక్కి, అటువైపు నడుమెత్తు నుంచి సైకిల్‌తో సహా కిందికి దూకాలి. లేదంటే సైకిల్ దిగి, మోసుకుని, పక్కన పాక్కుంటూ పోవాలి.

నేను ప్రతిసారీ దిగేదాన్ని. బండ కనపడగానే నా వేళ్ళు నన్ను అడగకుండా రెండు బ్రేకులూ గట్టిగా పట్టేసుకునేవి, కాలు నేల మీద పడేది. కొండ దిగాలి, సైకిల్ దిగకూడదు, ఇంతే కదా! నా కాలికి ఈ రెండు దిగడాలకూ తేడా తెలిసేది కాదు.

ఒక ఆదివారం అలాగే దిగి నిలబడితే, వెనక వస్తున్న చిత్తూరు ఆయన ఒకాయన నా కోసం ఆగాల్సి వచ్చింది. "ఏమక్కా, ఈడేమన్నా బస్టాపు పెట్టినారా?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం అన్నం తింటూ, ఎవరూ అడగకుండానే ప్రతిజ్ఞ చేశాను. "పందెం రోజు ఆ బండ కాడ సైకిల్ దిగినానంటే, మళ్ళీ ఈ జన్మలో దాని మొగం సూడను. షాపులో ఇచ్చేసి వస్తాను. ఇదే నా మాట!"

మా ఆయన చేతిలో రసం ముద్ద అలాగే ఆగిపోయింది. అత్త మొహం మాత్రం పెళ్ళి కుదిరినంతగా వెలిగింది.

"అన్న మాట మీద నిలబడాల మరి" అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణం నాకు ఏడుపొచ్చింది. చారు కారంగా ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆ సైకిలంటే నాకు ప్రాణం. వేరేవాళ్ళ కొలతలు, వేరేవాళ్ళ పెళ్ళిళ్ళు, వేరేవాళ్ళ గడువులు, ఇవి తప్ప వేరే లేని నా రోజుల్లో అదొక్కటే నాది. దాన్ని నా నోటి దూలతో నేనే పణంగా పెట్టాను. ఇక వెనక్కి తీసుకుందామంటే అత్త సాక్షి.

పందేనికి ముందురోజు సైకిల్ షాపు తమ్ముడు ఇంటికి వచ్చి చెప్పాడు. "ఈ రోజు సైకిల్ ఎక్కే పని లేదక్కా. పైనించి కొండంతా నడిసి సూడాల. రాయి రాయినీ పలకరించుకుంటా రావాల. దాంతో మనకు బాగుంటేనే అది మనల్ని పడెయ్యదు."

గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న అత్త చెయ్యి ఆగింది.

"అట్ట సెప్పు మరి! ముందే సెప్పుంటే నేనింత కిందామీదా పడేదాన్నా? నేనూ వస్తాను" అని లేచి లోపలికి వెళ్ళి పెద్ద సంచి సర్దుకుంది. సంచిలో పులిహోర ఉందనుకున్నాను. నాదే బుద్ధితక్కువ.

గుట్ట పై నుంచి నేను, తమ్ముడు ముందు నడిచాం. ఎక్కడ బ్రేకు వదలాలి, ఎక్కడ చూపు దూరంగా పెట్టాలి, మడమ ఎప్పుడు కిందికి నొక్కాలి, అతను చెబుతుంటే నేను తలూపుతున్నాను. వెనక నాలుగడుగులకు ఒకసారి "గోవిందా" అని వినిపిస్తోంది. పాపం, ఆయాసపడుతోంది అనుకున్నాను. కింద చేరి వెనక్కి తిరిగి చూద్దును కదా, కొండంతా పచ్చగా, ఎర్రగా మెరిసిపోతోంది.

రాయి రాయికీ పసుపు పూసి కుంకుమ పెట్టింది. అచ్చం అలిపిరి మెట్లకు పెట్టినట్టే. చిన్న రాయికి చిన్న బొట్టు, పెద్ద రాయికి పెద్ద బొట్టు. మా దారిలో మిగిలిన రాయంటూ లేదు. బోడిబండకైతే నిండా పసుపు పట్టించి, అరచెయ్యంత బొట్టు పెట్టి, రెండు చామంతులు అతికించి, కర్పూరం కూడా వెలిగించింది. అత్త సంచి ఖాళీ చేసుకుని, మోచేతుల దాకా పసుపుతో తృప్తిగా దిగి వచ్చింది.

"ఒక్క రాయిని గూడా ఇడిసిపెట్టలేదబ్బా. అందరినీ పలకరించినాను" అంది.

తమ్ముడు తల పట్టుకుని పక్కనున్న రాయి మీద కూర్చోబోయి, దానికీ బొట్టు ఉండడం చూసి లేచి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున గుట్ట దగ్గర ఒకటే గోల. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడి నిర్వాహకులు దారికి ఇంత చక్కగా గుర్తులు పెట్టారని మెచ్చుకుంటున్నారు. పసుపు ఉన్న చోట పోవచ్చు, ఎరుపున్న చోట జాగ్రత్త అని వాళ్ళలో వాళ్ళే అర్థం చెప్పుకుంటున్నారు. మనవాళ్ళు మాత్రం ఒక్కరూ సైకిల్ ఎక్కడం లేదు.

"పసుపు కుంకుమ మీద చక్రం ఎక్కిచ్చేదెట్లప్పా?"

"చెప్పులు ఇడిసి తొక్కితే తప్పు లేదేమో?"

రెఫరీ వచ్చాడు, మెడలో ఈల, మొహం నిండా విసుగు. ఎవరు చేశారీ పని అని అరిచాడు. అత్త గర్వంగా చెయ్యెత్తింది. "నేనే నాయనా. ఎవురికీ దెబ్బ తగలకూడదని పెట్టినాను. నీ పేరు సెప్పి గూడా ఒక రాయికి పెట్టుండేదాన్ని, అప్పుడు నీ పేరు తెలీదు."

రెఫరీ రెండు క్యాన్లు నీళ్ళు తెప్పించి, కడిగేయమని అక్కడ పనిచేసేవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెట్టిన కుంకుమ మేం తుడిసేదా సార్? ఇంట్లో పెండ్లాం బిడ్డలు బాగుండాల గదా" అన్నాడు ఒకాయన. ఆడవాళ్ళను అడిగే ధైర్యం రెఫరీకి లేకపోయింది. చివరికి తనే క్యాన్ ఎత్తుకుని మొదటి రాయి దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. తర్వాత క్యాన్ మూత బిగించి, ఎవరూ చూడడం లేదనుకుని రాయికి దండం పెట్టి వచ్చేశాడు.

"అందరికీ అవే రాళ్ళు. పందెం మొదలుపెట్టండి" అన్నాడు.

మామూలు బోడిబండ దగ్గరే నా కాలు నేలకు దిగుతుంది. ఇప్పుడు దాని మీద అమ్మవారు కూర్చుంది. నేనెలా తొక్కుతాను? సైకిల్ పోయినట్టే. ఆ ఉక్రోషంలో అత్త మీద విరుచుకుపడ్డాను.

"ఎంత పని సేసినావత్తా! ఆ బండ మీద ఇంక నేను సైకిలెట్ట తోలేది? నేను దిగాలని, ఈ సైకిల్ పోవాలనే కదా ఇదంతా సేసినావు?"

అత్త మొహం వాడిపోయింది. "నువ్వు పడకుండా ఉండాలనే కదే పెట్టినాను" అంది. కొంగు దోపుకుని ఎటో వెళ్ళిపోయింది. అనకూడని మాట అన్నానని తెలిసింది గానీ, అప్పటికే నన్ను పైకి రమ్మని పిలిచారు.

కొత్తవాళ్ళ వంతు నడుస్తోంది. ఒక్కొక్కరినే వదులుతున్నారు. పక్కన నిలబడ్డ మనిషి చేతిలోని వాకీటాకీ వార్తలు చెబుతూనే ఉంది. "ఒకాయన బండకు దండం పెట్టుకునేదానికి రెండు సేతులూ ఇడిసినాడు. గోయిలో ఉండాడు." కాసేపటికి, "ఇంకొకాయన బొట్టును తప్పించబోయి కంపలోకి పోయినాడు, సామీ." ఇంకాసేపటికి, "ఇంకొకాయనా కంపలోకే. ముందాయన ఇంగా బయటికి రాలా." బెంగళూరు నుంచి వచ్చిన ఒకామె మాత్రం ఇంతమంది ఏడుస్తున్న దారిలో సాఫీగా దిగిపోయిందట.

నా నంబరు పిలిచారు. ఈల మోగింది.

మొదటి మలుపు బాగానే తిరిగాను. ఆ తర్వాత రాళ్ళు మొదలయ్యాయి, ఒక్కొక్కటీ బొట్టు పెట్టుకుని పేరంటానికి వచ్చినట్టు వరసగా. మొదటిదాని మీదికి చక్రం ఎక్కగానే "తప్పైపోయింది తల్లీ" అన్నాను. రెండోదానికీ అన్నాను. ఐదోదానికి వచ్చేసరికి ఊపిరాడక "తప్పు, తప్పు, తప్పు" అంటూ పోతున్నాను. హెల్మెట్ లోపల నా గొంతు నాకే మారుమోగుతోంది. దారి పక్కన నిలబడ్డవాళ్ళు నేను లెక్క పెట్టుకుంటున్నానని అనుకున్నారట.

బోడిబండ కనపడింది. పచ్చగా, నిండుగా, చామంతులతో. దాని పక్కనే అత్త నిలబడి ఉంది. అంత కొండ ఒక్కతే ఎక్కి వచ్చింది, చెప్పులు కింద ఎక్కడో వదిలేసి. నా వేళ్ళు బ్రేకుల మీదికి పోయాయి. వెనక చక్రం కీచుమంది. కుడికాలు పెడలు మీద నుంచి లేచింది. అయిపోయింది, దిగుతున్నాను అనుకున్నాను.

"మేయ్! దిగొద్దు!"

అంత గొంతు ఆ మనిషికి ఉందని నాకు తెలియదు.

"తొక్కే! దాన్ని తొక్కు! దండం నేను పెట్టుకుంటాలే, నువ్వు తొక్కు!"

నేలను వెతుక్కుంటున్న నా కాలు వెనక్కి వచ్చింది. బ్రేకు వదిలేశాను. కుంకుమ నా చక్రం కిందికి రావడం చూశాను, చామంతి ఒకటి ఎగరడం చూశాను, ఆ తర్వాత కింద ఏమీ లేదు. సైకిల్, నేను, చొక్కాలోంచి ఊడివచ్చిన నా రెండు జడలు గాలిలో. నేల వచ్చి తగిలింది. పళ్ళన్నీ టకటకమన్నాయి. ఇంకా సైకిల్ మీదే ఉన్నాను! "అమ్మా" అని ఒక కేక పెట్టాను, ఆ కేక ఆపకుండానే చివరి గీత దాటాను.

పందెంలో నాకంటే వెనకబడ్డది ఇద్దరే, వాళ్ళు ఇంకా కంపలో ఉన్నారు. మా ఆయన నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"దిగినావా?"

"దిగలే."

"అయితే ఇంటికి తీసకపోదాం దీన్ని" అని సైకిల్‌ను నా చేతిలోంచి తీసుకుని, దాని మీది దుమ్ము తన చొక్కాతో తుడిచాడు. నాకు కళ్ళు నిండిపోయాయి. కళ్ళద్దాల నిండా దుమ్ము ఉండబట్టి ఎవరికీ కనపడలేదు.

పైకి చూశాను. బోడిబండ దగ్గర అత్త వంగి ఉంది. నేను హెల్మెట్ కూడా తీయకుండా, మోకాలి తొడుగులు టపటపలాడుతుంటే పైకి పరుగెత్తాను. వెళ్ళేసరికి ఆమె బండకు రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకుని, టపా టపా లెంపలేసుకుంటోంది. చెంపలు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"సాలు అత్తా, సాలు! తొక్కింది నేను గదా, నువ్వెందుకు ఏసుకునేది?"

"నీ మొగానికి అది అడ్డం గదే, నువ్వెట్ట ఏసుకుంటావు? నీ వంతు గూడా నేనే ఏసుకుంటా ఉండాను" అంది ఆపకుండా. "ఇంగా నాలుగుండాయి. లెక్క తప్పిపోతాది, గమ్మునుండు."